మూసిన షట్టర్ మళ్లీ ఎత్తాలంటే: తిరుపతి, చిత్తూరు చిన్న వ్యాపారులకు సమగ్ర మార్గదర్శి

మొదటిసారి వ్యాపారం పెట్టేవాడికి సలహాలు చెప్పేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. ఒకసారి పెట్టి, మూసేసి, మళ్లీ పెడతానన్నవాడికి మాత్రం "మళ్లీనా?" అన్న మాట ఒక్కటే వినిపిస్తుంది.

మన దగ్గర అలాంటివాళ్లు తక్కువేం లేరు. 2020 మార్చి 20న తిరుమలలో దర్శనాలు ఆగాయి. జూన్‌లో మళ్లీ మొదలయ్యేదాకా గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో బోణీ అన్న మాటే లేదు. ఆ దెబ్బకు మూతపడి ఇప్పటికీ తెరుచుకోని షాపులున్నాయి. రోడ్డు పనుల వల్ల బేరం పోయి మూసినవాళ్లు, ఇంట్లో జబ్బు పడితే సరుకు డబ్బంతా ఆసుపత్రికి పెట్టినవాళ్లు, భాగస్వాములతో పేచీ వచ్చి పక్కకు తప్పుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

చిన్న షాపుల లెక్కలు చూసే పని నాది. నేను చూసినంతలో రెండోసారి పెట్టినవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొదటిసారి తేలకుండా వదిలేసిన లెక్క. కట్టని బాకీ, రద్దు చేయని రిజిస్ట్రేషన్, ఎవరి దగ్గరో ఉండిపోయిన ఖాళీ చెక్కు ఇలాంటివి. పెట్టుబడి ఎలాగో తెస్తారు. కొత్త బోర్డు పడ్డ వారానికే ఇవన్నీ ఒక్కొక్కటిగా గుమ్మం ముందుకొస్తాయి. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా షాపు తెరవకముందు చేయాల్సిన పనులే ఉన్నాయి.

1. ఎందుకు మూతపడిందో అంకెల్లో రాయండి

"టైమ్ బాగాలేదు" అనుకుంటే మనసుకు ఊరటే కానీ లెక్కకు పనికిరాదు. పాత షాపులో ఒక మామూలు నెల గుర్తు తెచ్చుకుని కాగితం మీద వేయండి.

ఉదాహరణకు ఒక పూజా సామాన్ల షాపు అనుకుందాం. రోజుకు 6,000 అమ్మకం. సరుకు ఖరీదు పోగా నూటికి 25 మిగులుతుంది, అంటే రోజుకు 1,500, నెలకు 45,000. అద్దె 18,000, కరెంటు 3,000, పనికుర్రాడి జీతం 12,000 తీస్తే 12,000 మిగలాలి. కానీ డైలీ ఫైనాన్స్‌కు రోజుకు 500 చొప్పున నెలకు 15,000 కట్టాలి. అంటే నెలనెలా 3,000 లోటు. ఇల్లు గడవడానికి గల్లాలోంచి తీసింది ఇంకా లెక్కలోకి రానే లేదు.

ఈ షాపు వ్యాపారం బాగానే ఉంది. దాన్ని ముంచింది అప్పు తెచ్చిన పద్ధతి. ఇలాంటి వ్యాపారాన్ని మళ్లీ పెట్టొచ్చు, అప్పు దారి మాత్రం మార్చుకోవాలి. అలా కాకుండా అమ్మకం రోజుకు 3,000 దాటకపోతే అసలు ఆ చోటులోనే బేరం లేదన్నమాట. అప్పుడు వడ్డీ లేని డబ్బు తెచ్చినా అదే గతి పడుతుంది. లాభం కాగితం మీద కనిపిస్తూ చేతికి రాకపోయిందంటే అరువు పుస్తకం తిరగేయండి, డబ్బు అక్కడుంటుంది.

కారణం ఒకటే ఉండాలని లేదు. కానీ ఏది పెద్దదో తేలకపోతే దాన్నే మళ్లీ వెంటబెట్టుకుని వెళ్తారు.

2. బాకీల జాబితా వేసి, వరుస పెట్టండి

కష్టమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని దాటేసి "షాపు నడిస్తే అవే తీరుతాయి" అనుకుంటారు. తీరవు. షాపు తెరిచిన సంగతి అప్పులవాళ్లకే ముందు తెలుస్తుంది, అందరూ ఒకే వారంలో వస్తారు. వాళ్లు రాకముందే మీరు వెళ్లడం మంచిది.

ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, వాళ్ల దగ్గర మీ కాగితం ఏముంది అని మూడు గడులు గీయండి. మూడో గడి అందరూ మర్చిపోతారు. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులుంటే నంబర్లతో సహా రాసుకోండి. చెక్కు బౌన్స్ అయి నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేయొచ్చు. బ్యాంకులో పేమెంట్ ఆపించినంత మాత్రాన ఆ కేసు తప్పదు. కాబట్టి అప్పు తీర్చిన రోజే చెక్కు వెనక్కి తీసుకోవాలి. ప్రోనోటు అయితే కట్టిన ప్రతిసారీ దాని వెనక చెల్లు (ఎంత కట్టారో రాత) వేయించి, ఫోన్లో ఫొటో తీసుకోండి. ప్రోనోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. చెల్లు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ఇది తెలిసే పెట్టాలి.

ముందు తీర్చాల్సింది డైలీ ఫైనాన్స్. చేతికి 8,500 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తారనుకోండి. 1,500 వడ్డీయే కదా, నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు కాబట్టి సగటున మీ దగ్గరుండేది నాలుగు వేల చిల్లరే. ఆ లెక్కన వడ్డీ ఏడాదికి 125 శాతం పైమాటే. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి దీన్ని తెంచుకోండి. బంగారం తాకట్టు పెట్టడం చాలామందికి నామోషీ. ఈ ఒక్క పనికి నామోషీ పడాల్సింది ఏమీ లేదని నా అభిప్రాయం.

బ్యాంకు బాకీ సంగతి వేరు. ముందు క్రెడిట్ రిపోర్టు (మీ అప్పుల చరిత్ర) తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఒక్కొక్కటీ ఉచితంగా ఇవ్వాలి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపించడం, వేరేవాళ్ల అప్పు మీ పేరున పడడం జరుగుతూనే ఉంటాయి. ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో సరిచేయాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది.

బాకీ నిజమే అయితే బ్రాంచి మేనేజరును కలవండి. "ఎంతో కొంత కట్టి సెటిల్ చేసుకోండి" అంటారు. తొందరపడి ఒప్పుకోకండి. కొంత మాఫీ చేయించుకుని కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని పడుతుంది. మళ్లీ లోను కోసం వెళ్లినప్పుడు "సెటిల్డ్" మాట దగ్గర మేనేజరు కళ్లు ఆగిపోతాయి. తేడా పది, పదిహేను వేలే అయితే పూర్తిగా కట్టేయడమే లాభం. తేడా లక్షల్లో ఉంటే సెటిల్‌మెంటే దారి, ఆ మచ్చ కొన్నేళ్లు మోయాలి. పాత మొండి బాకీలను లోక్ అదాలత్‌లో కూడా తేల్చుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు ఉండదు, కుదిరిన ఒప్పందం మీద అప్పీలూ ఉండదు. ఎలా తీర్చినా నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ లేదన్న కాగితం) చేతికి రాకుండా బ్రాంచి మెట్లు దిగొద్దు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆ మాట మెల్లగా గుర్తు చేస్తే చాలామంది తగ్గుతారు.

సరుకు ఇచ్చిన హోల్‌సేల్ షాపును చాలామంది తప్పించుకు తిరుగుతారు. పాత బాకీ ఉందని ఆ వీధికే వెళ్లరు, వేరే చోట ఎక్కువ ధరకు కొంటారు. మాట్లాడితే తేలిపోయే విషయం అది. ఇలా సాగుతుంది:

"ఏమబ్బా, కనిపించడమే మానేసినావు?"

"పాతది నలభై రెండు వేలు ఉండాదన్నా. ఈ వారం ఐదు వేలు పట్టుకో. మిగతాది నెలకు మూడు వేలు ఇస్తా. కొత్త సరుకు మాత్రం రొక్కానికే ఇయ్యి."

"రొక్కమైతే ఎప్పుడన్నా రా, వద్దనేదెవరు?"

పాతది వాయిదాల్లో, కొత్తది రొక్కానికి. ఈ రెండూ ఒకే పుస్తకంలో కలపకూడదు. మీ బాకీ అంకె మీ నోటి నుంచే ముందు రావాలి. వాళ్లు చెప్పాక ఒప్పుకుంటే ఆ మాటకు విలువ సగమే.

చుట్టాల అప్పు చివరన పెట్టమని చెబితే కొందరికి కోపం వస్తుంది. వడ్డీ లేదు కాబట్టి చివరన సరే, కానీ మాట మాత్రం మొదటే చెప్పాలి. "ఈ సంవత్సరం ఇవ్వలేను బావా, వచ్చే సంక్రాంతి నుంచి మొదలుపెడతా" అని ఇంటికెళ్లి చెప్పినవాడితో ఎవరూ తెగతెంపులు చేసుకోరు. చీటీ పాడేసుకుని వాయిదాలు ఆపినవాళ్లు మాత్రం దీన్ని చుట్టరికంగా చూడొద్దు. దానికి జామీను ఉన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

3. పాత కాగితాలను బతికించాలా, పూడ్చేయాలా?

జీఎస్టీ ఉండి ఆరు నెలల పైన రిటర్నులు వేయకపోయి ఉంటే, అధికారులే రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఉండొచ్చు. పోర్టల్‌లో మీ నంబరు కొట్టి స్థితి చూడండి. రద్దు ఉత్తర్వు అందిన 90 రోజుల్లోపు అయితే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టొచ్చు. ఆ తర్వాత ఇంకో 180 రోజుల వరకు పైఅధికారి గడువు పొడిగించే వీలుంది. రెండింటికీ ముందు ఆగిన రిటర్నులన్నీ వేసి, పన్ను, లేటు ఫీజు కట్టాలి. అది కూడా దాటితే కొత్త రిజిస్ట్రేషనే గతి. రద్దయిన దానికి జీఎస్టీఆర్-10 అనే చివరి రిటర్ను మూడు నెలల్లో వేయాలి. ఇది వేయనివాళ్లే ఎక్కువ. ఒకే పాన్ మీద కొత్త నంబరు అడిగినప్పుడు పాత బకాయి బయటపడుతుంది.

ఇంతకీ మీకు జీఎస్టీ అవసరమా అన్నది ముందు చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు, సేవలకు 20 లక్షలు దాటితేనే తప్పనిసరి. రాష్ట్రం దాటి సరుకు అమ్మేవాళ్ల లెక్క వేరు. వేలూరుకు, చెన్నైకి సరుకు పంపే చిత్తూరు వ్యాపారులు ఈ సంగతి విడిగా అడిగి తెలుసుకోవాలి. రాష్ట్రం లోపలే అమ్ముకునే చిన్న షాపుకు, మొత్తం అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ స్కీమ్ సుఖం. కోటిన్నర అమ్మకం దాకా వ్యాపారులకు 1 శాతం, హోటళ్లకు 5 శాతం. పాత బిల్లింగ్ మిషన్ వాడబోతుంటే ఒక జాగ్రత్త: 2025 సెప్టెంబర్ 22 నుంచి 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి, ఎక్కువ సరుకు 5కో 18కో మారింది. మిషన్‌లో పాత రేట్లే ఉంటాయి.

ఉద్యం సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) 2020 జులై 1 నుంచి వచ్చింది. అంతకుముందు తీసుకున్న ఉద్యోగ్ ఆధార్ ఇప్పుడు చెల్లదు. ఉద్యం పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని తెలుసుకోండి. ఒక పాన్‌కు ఒకటే ఉద్యం కాబట్టి పాతది ఉంటే కొత్తగా తీయకుండా చిరునామా, వ్యాపారం వివరాలు మార్చుకుంటే సరిపోతుంది.

తిండి వ్యాపారమైతే ఆహార భద్రతా లైసెన్సు ఇంకా చెల్లుతుందో లేదో చూసుకోవాలి, 14 అంకెల నంబరు బిల్లు మీద ఉండాలి. ట్రేడ్ లైసెన్సు బకాయి ఎంతుందో కార్పొరేషన్ ఆఫీసులో అడగండి. కాటా ఉంటే తూనికలు కొలతల శాఖ ముద్ర పాతబడి ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా వేయించాలి. మూసి ఉన్న కాలంలో కాటా మూలన పడి ఉంటుంది కనుక తూకం కూడా సరిచూడండి. పది గ్రాముల సరుకు ఎక్కువ పోయినా నష్టం మీదే.

ఒక మంచి వార్త చాలామందికి తెలియదు. పాత వ్యాపారంలో వచ్చిన నష్టాన్ని గడువులోగా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించి ఉంటే, 8 ఏళ్ల దాకా దాన్ని కొత్త వ్యాపార లాభంలోంచి తగ్గించుకోవచ్చు. పాత వ్యాపారం మూసేసినా ఫరవాలేదు.

బ్యాంకు ఖాతా రెండేళ్లు కదలకపోతే ఇనాపరేటివ్ అవుతుంది. మళ్లీ తెరిపించడానికి చార్జీ ఏమీ తీసుకోకూడదు, కేవైసీ ఇస్తే చాలు. అయితే అదే బ్యాంకులో లోను బాకీ ఉంటే, క్యూఆర్ స్టిక్కరు మీద పడ్డ డబ్బును ఆ బాకీకి జమ చేసుకునే ప్రమాదం ఉంది. సాయంత్రం సరుకు కొనడానికి చూస్తే ఖాతాలో సున్నా ఉంటుంది. దీని గురించి మేనేజరుతో ముందే మాట్లాడుకోవాలి.

4. చోటు చూసేటప్పుడు

తిరుపతిలో రెండు రకాల బేరం ఉంది. ఒకటి భక్తుల బేరం: రైల్వే స్టేషన్, విష్ణు నివాసం, గోవిందరాజస్వామి గుడి వీధులు, బస్టాండు, శ్రీనివాసం, అలిపిరి వైపు. వాళ్లు ఒకసారి కొని వెళ్లిపోతారు, రొక్కం ఇస్తారు, అద్దె మాత్రం చుక్కలు చూపిస్తుంది. రెండోది ఊరి బేరం: కొర్లగుంట, బైరాగిపట్టెడ, లీలామహల్ వైపు. అక్కడ మొహం చూసి వస్తారు, అరువు అడుగుతారు, అద్దె తక్కువ. మొదటిసారి ఒక రకం బేరంలో దెబ్బ తిన్నవాళ్లు పగ తీర్చుకున్నట్టు మళ్లీ అక్కడే వెతుకుతారు. మీరు దేనికి సరిపోతారో మొదటి మెట్టులో రాసిన కాగితమే చెబుతుంది.

శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తయ్యాక ఆ దారిలో వచ్చే బండ్లలో చాలా భాగం పైనుంచే వెళ్లిపోతున్నాయి. పాత రోజుల్లో ట్రాఫిక్‌లో ఆగినవాళ్లు దిగి టీ తాగిన చోట ఇప్పుడు ఆగే పని లేదు. మీ జ్ఞాపకంలో ఉన్న రద్దీని నమ్మి అడ్వాన్స్ ఇవ్వొద్దు. మామూలు మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి పోయి ఎదురుగా గంట నిలబడి, పక్క షాపులోకి ఎంతమంది ఎక్కుతున్నారో చూడండి.

చిత్తూరు లెక్క ఇంకోటి. అక్కడ యాత్రికులు తక్కువ, ఊరి జనమే బేరం. పెద్ద కొనుగోలు అయితే గంట ప్రయాణంలో ఉన్న వేలూరుకు పోతారు. కాబట్టి చిత్తూరులో చిల్లర అవసరాలు, రిపేర్లు, టిఫిన్లు, కుట్టుపని లాంటి రోజువారీ వ్యాపారాలే నిలకడగా ఉంటాయి. తమిళం నాలుగు ముక్కలు వస్తే గల్లాకు మంచిది.

అగ్రిమెంటులో ముఖ్యంగా చూడాల్సింది అడ్వాన్స్ తిరిగిచ్చే గడువు. నెలల అద్దె బాకీ కింద అడ్వాన్స్ తగ్గించుకుంటారా, ఖాళీ చేశాక ఎన్నాళ్లకు ఇస్తారు, ముందు ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలి అన్నవి రాయించండి. షాపు కరెంటు మీటర్ సర్వీస్ నంబరు తీసుకుని ఏపీఎస్‌పీడీసీఎల్‌లో బకాయి చూడండి. ముందున్నవాళ్లు కట్టకుండా పోయిన బిల్లు చివరికి మీ నెత్తిన పడుతుంది.

5. ఏ నెలలో తెరవాలి?

తిరుపతికి తనదైన క్యాలెండర్ ఉంది. వేసవి సెలవుల రద్దీ, మే నెలలో గంగమ్మ జాతర, బ్రహ్మోత్సవాలు (అధిక మాసం వచ్చిన ఏడాది రెండుసార్లు), తమిళనాడు నుంచి జనం దిగే పెరటాసి (తమిళ నెల) శనివారాలు, కార్తీకంలో తిరుచానూరు బ్రహ్మోత్సవాల చివరి రోజు పంచమి తీర్థం, వైకుంఠ ఏకాదశి. చిత్తూరు వైపు వినాయక చవితి నుంచి 21 రోజులు కాణిపాకం బ్రహ్మోత్సవాలు, జూన్, జులైల్లో మామిడి డబ్బు.

అందరూ చేసే పని రద్దీ ముందు రోజు తెరవడం. నా మాట వింటే రద్దీకి నెల ముందు, జనం తక్కువ ఉన్నప్పుడు తెరవండి. ఏ సరుకు కదులుతుందో, కుర్రాడు ఎలా పనిచేస్తాడో, టిఫిన్ సెంటరైతే పిండి ఎంత కావాలో తెలియడానికి ఆ నెల చాలు. మూఢంలో, ఆషాఢంలో షాపు తెరవం అంటారా? సరే, ముహూర్తం తర్వాతే పెట్టుకోండి. కానీ ఆ నెలలో ఇంటి దగ్గర నుంచే ఆర్డర్లు తీసుకోవడానికి ఏ పంచాంగం అడ్డు చెప్పదు.

మామిడి డబ్బు మీద ఆశ పెట్టుకునే చిత్తూరు షాపులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని చెప్పి ప్రభుత్వం ఇంకో 4 కలపాల్సి వచ్చింది. రైతు చేతిలో డబ్బు లేని ఏడాది ఊళ్లో బట్టల షాపు నుంచి బైక్ మెకానిక్ దాకా అందరికీ అరువు బేరమే మిగులుతుంది.

6. పెట్టుబడి ఎక్కడి నుంచి

తోపుడుబండి, ఫుట్‌పాత్ వ్యాపారమైతే పీఎం స్వనిధి ఉంది. 2025లో మార్చిన తర్వాత మొదటి విడత 15,000, అది తీరిస్తే 25,000, ఆ తర్వాత 50,000. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. షాపుకైతే ముద్రా: శిశు 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తరుణ్ 10 లక్షల దాకా. తాకట్టు అడగకూడదు. కేంద్రం ఇచ్చే పీఎంఈజీపీ సబ్సిడీ గురించి చాలామంది అడుగుతారు. అది కొత్త యూనిట్లకే. ఇంతకుముందు ప్రభుత్వ సబ్సిడీ తీసుకుని నడిపిన యూనిట్‌నే తెరుస్తామంటే రాదు.

ఇంట్లో ఆడవాళ్లు డ్వాక్రా సంఘంలో ఉంటే బ్యాంకు లింకేజీ రుణం చవకగా వస్తుంది. ఒక్క మాట చెప్పాలి. ఆ అప్పుకు సంఘంలోని పదిమందీ జవాబుదారీ. వాయిదా తప్పితే మీ ఇంటావిడ మీటింగులో తల దించుకోవాల్సి వస్తుంది. ఆమెను అడిగి, లెక్క చూపించి తీసుకోండి. "సంతకం పెట్టు చాలు" అని తెచ్చిన అప్పులు నేను చూసినవాటిలో ఒక్కటీ మంచిగా ముగియలేదు.

మేనేజరు తప్పకుండా అడిగే ప్రశ్న: "ఇంతకుముందు ఎందుకు మూశారు?" దీనికి కథ చెప్పొద్దు. మొదటి మెట్టులో రాసిన కాగితం, నో డ్యూస్ సర్టిఫికెట్, కొత్త నెల లెక్క, ఈ మూడూ బల్ల మీద పెట్టండి. ఉన్న సొంత డబ్బు మొత్తం అడ్వాన్సుకూ ఫర్నిచర్‌కూ పోస్తే మేనేజరు కూడా నమ్మడు. కనీసం మూడు నెలల అద్దె, జీతం ఖాతాలో ముట్టకుండా ఉండాలి. పాత ఫ్రిజ్, పాత గ్రైండర్, సెకండ్ హ్యాండ్ ర్యాకులు చాలు. అద్దాల కౌంటర్ రెండో ఏడాది చేయించుకోవచ్చు.

7. భాగస్వాములు, ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లు

పాత భాగస్వామితో విడిపోయుంటే కాగితం మీద కూడా విడిపోండి. రద్దు పత్రం రాసుకుని, ఉమ్మడి ఖాతా మూసి, జీఎస్టీలో పేరు తీయించాలి. నోటిమాటగా విడిపోయి కొత్త షాపు పెడితే, ఆయన పాత పేరు మీద తెచ్చే సరుకు బాకీ కూడా మీ దగ్గరికే వస్తుంది.

ఇంట్లో ఒప్పించాల్సింది లాభం గురించి కాదు, నష్టం గురించి. "ఇంత డబ్బు, ఇన్ని నెలలు, అంతకు మించి పోదు" అన్న హద్దు చెబితే అభ్యంతరం సగం తగ్గుతుంది. ఇంటి ఖర్చుకు నెలకు ఇంత అని జీతంలా తీసుకోండి. గల్లాలో చెయ్యి పెట్టి తీయడం మొదలైతే అది మీ షాపు కాదు, ఇంట్లో అందరి షాపు.

"పోయినసారి ఏమైందో గుర్తులేదా" అనేవాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకండి.

8. పాత కస్టమర్లు

షాపు మూసిన కాలంలో ఎవరో ఒకరు గూగుల్ మ్యాప్స్‌లో "శాశ్వతంగా మూసివేయబడింది" అని పెట్టి ఉంటారు. బయట ఊరి నుంచి వచ్చినవాళ్లకు ఆ ఎర్ర అక్షరాలే మీ చిరునామా. పాత ఖాతాతో లాగిన్ అయి తెరిచినట్టు మార్చండి, కొత్త ఫొటోలు, కొత్త టైమింగ్స్ పెట్టండి. పాత రివ్యూలు బాగుంటే అవి వదులుకోవద్దు, అందుకే కొత్తగా ఇంకో పేజీ తెరవకండి. చోటు మారితే చిరునామా మార్చితే సరిపోతుంది. పాత ఫోన్ నంబరు వీలైనంతవరకు అదే ఉంచుకోండి. క్యూఆర్ స్టిక్కరు పాత ఖాతాదైతే చించేయండి. సౌండ్ బాక్స్ అద్దె ఇన్నాళ్లూ కోత పడుతోందేమో స్టేట్‌మెంట్‌లో చూడండి.

మీరు లేని రెండు మూడేళ్లలో బేరం తీరు మారి ఉంటుంది. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు నిషేధించాక కొండ కింద స్టీలు, రాగి సీసాలకు గిరాకీ పుట్టింది. పాత సరుకు జాబితా పట్టుకుని కొనడానికి వెళ్లకుండా, పక్క షాపుల్లో ముందు వరుసలో ఏం వేలాడుతున్నాయో చూసి వెళ్లండి.

అరువు అడిగే పాత కస్టమరుకు మొదటి రోజే చెప్పాలి. "పాతది ఉండనీ అన్నా, తర్వాత చూసుకుందాం. కొత్తది మాత్రం రొక్కమే" అంటే పోయేవాళ్లు పోతారు. పోయినవాళ్లలో చాలామంది మీ పాత షాపును మూయించినవాళ్లే. ఒక సంస్థకో హోటలుకో సరుకు తయారుచేసి లేదా సేవ చేసి ఇస్తుంటే, ఉద్యం ఉన్న చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం ఉంది. ఇవ్వకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కొని అమ్మే వ్యాపారులకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. అందుకే వాళ్లకు రొక్కం మాట ఇంకా ముఖ్యం.

9. మొదటి మూడు నెలలు

ప్రతి రాత్రి షట్టర్ దించేముందు నాలుగు అంకెలు రాయండి: రొక్కం అమ్మకం, ఫోన్‌పే లాంటివాటిలో వచ్చింది, సరుకు కొన్నది, ఇంటికి తీసుకున్నది. యాప్ అక్కర్లేదు, లాంగ్ నోట్‌బుక్ చాలు. వారానికొకసారి పాత బాకీకి కట్టింది వేరే పేజీలో.

మొదటి నెల అంకెలు నమ్మకండి. చుట్టాలు, స్నేహితులు, "పాపం మళ్లీ పెట్టాడు" అని వచ్చినవాళ్లు కలిసి దాన్ని ఉబ్బిస్తారు. రెండో నెల పడిపోతే కంగారు పడక్కర్లేదు, అసలు అంకె అదే. మూడో నెల రెండో నెల కన్నా కొంచెం పైన ఉందా లేదా అన్నదే చూడాల్సింది. పైన ఉండి, అద్దె, జీతం అమ్మకంలోంచే వస్తుంటే సరుకు పెంచండి. రానురాను ముట్టకూడదనుకున్న డబ్బులోంచి అద్దె కడుతుంటే, ఓనర్‌తో అద్దె మాట్లాడడమో, సగం సరుకుతో చిన్న చోటుకు మారడమో నాలుగో నెలలోనే చేయాలి. ఆరో నెలదాకా ఆగితే మళ్లీ డైలీ ఫైనాన్స్ కుర్రాడు బండి ఆపుతాడు.

ఇంట్లో చెప్పిన హద్దు దాటుతోందని తేలితే మూయడానికీ ఒక పద్ధతి ఉంది. ఓనర్‌కు నోటీసు ఇచ్చి అడ్వాన్స్‌లోంచి అద్దె సర్దుకోండి. తెరవని సరుకు హోల్‌సేల్ షాపుకు తిరిగిచ్చి బాకీ తగ్గించుకోండి. జీఎస్టీ ఉంటే మీరే రద్దు కోరి, మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 వేయండి. కరెంటు బిల్లు కట్టి రసీదు దాచుకోండి. లోను ఉంటే వాయిదా తప్పకముందే మేనేజరును కలవండి. తప్పిన తర్వాత మాట్లాడే మేనేజరు, తప్పకముందు మాట్లాడే మేనేజరు ఒక్కరే అయినా మాట తీరు ఒకటిగా ఉండదు.